బెన్ హోగన్: దిద్దుకుంటూనే గడిచిన జీవితం

టీమ్‌లో వాళ్ళ బలవంతం మీద నాలుగేళ్ళ క్రితం గోల్ఫ్ మొదలుపెట్టాను. డాలస్ ఎండలో బంతులు కొట్టీ కొట్టీ నాకు పట్టుకున్న జబ్బు పేరు హుక్. నేరుగా పోవాల్సిన బంతి చివర్లో ఎడమకి వంకర తిరిగి చెట్లలో పడుతుంది. ఈ శనివారం సరిచేసుకుంటే వచ్చే శనివారానికి మళ్ళీ మొదటికొస్తుంది. ఇక కిట్ గరాజ్‌లో పడేద్దామనుకుంటుండగా, మా పక్కనే ఫోర్ట్ వర్త్‌లో పెరిగిన బెన్ హోగన్ గురించి చదివాను. ఆయనదీ ఇదే జబ్బు!

హోగన్ 1912లో టెక్సాస్‌లోనే పుట్టారు. తండ్రి కమ్మరి. కొడుక్కి తొమ్మిదేళ్ళప్పుడు, 1922లో ఆత్మహత్య చేసుకున్నారు. ఇల్లు గడవడానికి ఆ పిల్లవాడు రైల్వే స్టేషన్లో పేపర్లు అమ్మాడు, తర్వాత గ్లెన్ గార్డెన్ క్లబ్‌లో కాడీగా ఇతరుల బ్యాగులు మోశాడు. 17 ఏళ్ళకి ప్రొఫెషనల్ అయితే అయ్యారు కానీ, హుక్ వల్ల చేతిలో డబ్బులైపోయి ఒకటికి రెండుసార్లు ఇంటిదారి పట్టాల్సొచ్చింది.

తోటి ఆటగాడు హెన్రీ పికార్డ్ సలహాతో గ్రిప్ మార్చుకున్నారు. 1940 మార్చిలో వరసగా మూడు టోర్నమెంట్లు గెలిచారు. పదేళ్ళు పట్టింది మరి! అయినా ఒత్తిడిలో హుక్ మళ్ళీ తొంగిచూసేది. 1940ల మధ్యలో మళ్ళీ కూర్చుని ఒక్కొక్కటే దిద్దుకున్నారు. ఎడమ చేతిని పిడి మీద ఇంకాస్త ఎడమకి జరిపి, స్వింగ్ పైకి వెళ్ళినప్పుడు ఆ మణికట్టుని కొద్దిగా వెనక్కి వంచేవారు. దాంతో ఎంత గట్టిగా కొట్టినా బంతి ఎడమకి తిరిగేది కాదు. 1948లో యూ.ఎస్. ఓపెన్ గెలిచారు.

1949 ఫిబ్రవరి 2న పొగమంచులో ఆయన కారుని ఎదురుగా వచ్చిన బస్సు గుద్దింది. భార్య వాలెరీని కాపాడాలని ఆమెకి అడ్డంగా పడ్డారు. కటి ఎముక, భుజం ఎముక, చీలమండ విరిగాయి. ఆయన మళ్ళీ ఆడతారని ఎవరూ అనుకోలేదు. 16 నెలల తర్వాత కాళ్ళకి కట్లు కట్టుకుని మళ్ళీ యూ.ఎస్. ఓపెన్ గెలిచారు. 1953లో మూడు మేజర్లు గెలిచారు. చివరి టూర్ విజయం 1959లో, సొంతూరు ఫోర్ట్ వర్త్‌లోని కలోనియల్‌లో. 1997లో కన్నుమూశారు.

అంతటి మనిషికీ తర్వాతి రోజుల్లో చిన్న పట్లు కొట్టడానికి చేతులు సహకరించేవి కావు. ఒక బగ్ పోతే ఇంకోటి వస్తుందని మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వేరే చెప్పాలా? కోడ్ రిలీజ్ చేశాక మెయింటెనెన్స్ తప్పదని తెలిసిన నేను, నా స్వింగ్ మాత్రం ఒక్క వారంలో బాగుపడాలనుకున్నాను.

ఆర్నెల్లుగా గ్రిప్ ఒక్కటే మార్చుకుంటున్నాను. హుక్ పూర్తిగా పోలేదు. కిట్ మాత్రం గరాజ్‌లోకి వెళ్ళలేదు, కారు ట్రంక్‌లోనే ఉంది.