మఖ్దూం మొహియుద్దీన్ - మిల్లు కార్మికుల షాయర్

మర్హూం మఖ్దూం మొహియుద్దీన్ గారు మన రాయలసీమ మనిషి కారు. మెదక్ జిల్లా ఆందోలులో 1908 ఫిబ్రవరి 4న పుట్టి, హైదరాబాదులో బతికి, 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూసినారు. అయినా మన సొసైటీ సావనీరులో ఆయన గురించి నాలుగు మాటలు రాయవలెనని నాకు చాలా కాలంగా కోరిక. కమ్యూనిస్టు సంగతి మనకెందుకు సార్ అని అడిగే పెద్దలు మన బద్వేలులో ఉన్నారు. వారి మీద గౌరవం ఉంచుకొనే ఇది రాస్తున్నాను.

ఆయన పసితనంలోనే తండ్రి పోయినారు. చిన్నాయన బషీరుద్దీన్ గారు పెంచినారు. మతాచారం గట్టిగా పాటించే ఇల్లు. మసీదు ఊడ్చడం, నీళ్లు పట్టడం ఆ పిల్లవాని పని. రష్యాలో పెద్దా చిన్నా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చొని తింటారంట అని చిన్నాయన ఒకనాడు చెప్పిన మాట మఖ్దూం గారి మనసులో నాటుకుపోయింది. ఆయనకు ఆ తలపు పార్టీ పుస్తకాల కంటే ముందే ఇంట్లో దొరికిందన్నమాట.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివినారు. పెద్ద చదువులు కూడా ఉర్దూలోనే చెప్పిన విశ్వవిద్యాలయం అది. ఉర్దూ మీడియం అంటే పనికిరాని చదువని అనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాల. 1939లో సిటీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. పేదరికంలో పెరిగినవానికి అంతకంటే ఏం కావాల? ఆయన మాత్రం 1941లో ఆ ఉద్యోగం వదిలేసి యూనియన్ పనిలో దిగినారు. నెల జీతంతో ఇల్లు నడిపే మనకు అది ఎంత పెద్ద తెగింపో వేరే చెప్పనక్కరలేదు.

నిజాం రాజ్యమంటే నవాబులు, హవేలీలు అనే అనుకుంటాము. గాని ఆ కాలానికే హైదరాబాదులో డీబీఆర్ బట్టల మిల్లు, చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ, వరంగల్లులో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు, షాబాదులో సిమెంటు ఫ్యాక్టరీ ఉండినాయి. అక్కడ పనిచేసేవాళ్లు తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ మాట్లాడేవాళ్లు. వాళ్ల సంఘాలన్నీ కలిసి 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అయినప్పుడు ముందు నిలిచినవారు మఖ్దూం గారు, డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ గారు. గౌర్ గారూ ఉర్దూ సాహిత్యంలో మునిగిన మనిషే. ముషాయిరాలో తరన్నుంతో జనాన్ని కట్టిపడేసే గొంతు మిల్లు కార్మికుల సభలోనూ అట్లే పలికేది. అప్పటికే 1944లో ఆయన మొదటి సంపుటి సుర్ఖ్ సవేరా వచ్చి ఉంది.

తరువాత తెలంగాణ సాయుధ పోరాటం. ఆయన అజ్ఞాతంలోకి పోయినారు. ఒక పక్క రజాకార్లు మతం పేరు చెప్పి నిజాం గద్దెను కాపాడాలని తిరుగుతుంటే, ఈ మసీదులో పెరిగిన మనిషి దొరల కింద నలిగిన తెలుగు రైతుల పక్షం నిలిచినారు. మన చరిత్ర చెప్పేవాళ్లు రజాకార్ల పేరు మాత్రం మరిచిపోరు, మఖ్దూం గారి పేరు వాళ్లకు గుర్తే రాదు. నాకు బాధ కలిగించేది ఇదే.

1951లో అరెస్టయినారు. 1952 ఎన్నికలలో ఉర్దూ రాజధాని అయిన పట్నంలోనే నిలబడి ఓడిపోయినారు! అదే సంవత్సరం ఉప ఎన్నికలో నల్గొండ జిల్లా హుజూర్‌నగర్ పల్లె జనం ఆయనను గెలిపించి అసెంబ్లీకి పంపినారు. ఆయన నజ్ములు చదవగలిగినవారు ఆ పల్లెల్లో ఎందరుంటారు? తమ కోసం జైలుకు పోయినాడని మాత్రం తెలుసు. ఆ తరువాత చివరిదాకా శాసనమండలిలో ప్రతిపక్షం తరఫున మాట్లాడినారు.

రాజకీయం ఆయన కవిత్వాన్ని కొంత మింగిందనే నా అభిప్రాయం. రెండో సంపుటి గులే తర్ రావడానికి 1961 దాకా, అంటే పదిహేడేళ్లు పట్టింది. అయితే యాభై దాటినాక గజల్ పట్టుకున్నారు, అది మనకు లాభం. అబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో చాయ్ తాగుతూ కుర్ర షాయర్లతో గంటలు గంటలు కూర్చొనేవారు. కాంగోలో లుముంబాను చంపితే 1961లో ఒక నజ్మ్, అమెరికాలో మార్టిన్ లూథర్ కింగును చంపితే ఇంకొకటి. 1966లో వచ్చిన బిసాతె రక్స్‌కు 1969 సంవత్సరపు సాహిత్య అకాడమీ బహుమతి దక్కింది.

ఢిల్లీలో గుండెపోటుతో పోయిన ఆయనను హైదరాబాదుకు తెచ్చి హజ్రత్ షా ఖామోష్ దర్గాలో ఖననం చేసినారు. హిమాయత్‌నగర్‌లో పార్టీ భవనానికి ఆయన పేరే పెట్టినారు. దర్గాకూ, ఎర్రజెండాకూ ఇద్దరికీ ఆయన కావలసినవారే అయినారు.

ఆజంజాహి మిల్లు మూతబడి ఇరవై ఏళ్లు దాటింది. డీబీఆర్ మిల్లు కూడా లేదు. ఆయన నజ్మ్ చారాగర్ 1964లో చా చా చా సినిమాలో పాటయింది. 1982లో ఖయ్యాం గారు బాణీ కట్టగా ఆయన గజల్ ఒకటి బాజార్ సినిమాలోకి వచ్చింది. మన పెళ్లిళ్లలో మైకుసెట్టువాళ్లు ఆ గజల్ వేస్తూనే ఉంటారు, రాసింది ఎవరో పెళ్లికొడుకుకూ తెలియదు, మైకు అబ్బాయికీ తెలియదు.