పది వేళ్ళ మీద ఊరేగింపు - ఫ్రాంజ్ లిస్ట్

మన నెల్లూరు తీరాన పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండుమేళం వినని వాళ్ళుండరు. పౌరాణిక నాటకాలు చూసిన వాళ్ళకి హార్మోనిస్టు సత్తా ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఓ పెద్ద బ్యాండునీ, వందమంది బృందగానాన్నీ కలిపి ఒక్క మనిషి, ఒక్క వాద్యం మీద పలికిస్తే ఎట్టా ఉంటుంది? అది చేసి చూపించిన మహానుభావుడు ఫ్రాంజ్ లిస్ట్. ఆయన్ని గురించి మన విద్యార్థులకి నాలుగు మాటలు చెప్పాలని నా కోరిక.

లిస్ట్ 1811 అక్టోబరు 22న, అప్పటి హంగేరీ రాజ్యంలోని రైడింగ్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి ఒక జమీందారీ కొలువులో ఉద్యోగి. వియన్నాలో చెర్నీ దగ్గర పియానో నేర్చుకుని, 1823లో పారిస్ వెళ్తే, విదేశీయుడన్న కారణంతో అక్కడి సంగీత కళాశాలలో సీటివ్వలేదు. పదిహేనేళ్ళకే తండ్రి పోయాడు. పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ తల్లిని పోషించాడు.

ఆ తర్వాత యూరప్ అంతా ఆయన కచేరీలే. 1838లో డాన్యూబ్ వరదల్లో పెస్ట్ నగరం మునిగిపోతే, వియన్నాలో కచేరీలు చేసి బాధితులకి డబ్బు పంపాడు. తుఫాన్లు తెలిసిన కోస్తా వాళ్ళం గదా, ఆ సాయం విలువ మనకి తెలుసు. కీర్తి శిఖరాన ఉండగానే 1847లో డబ్బు కోసం కచేరీలు చేయడం మానేశాడు. మరుసటి ఏడు వైమార్ ఆస్థాన సంగీతాధిపతిగా స్థిరపడ్డాడు.

అసలు కథ ఇక్కడుంది. రిచర్డ్ వాగ్నర్ రాసిన 'టన్‌హాయిజర్' అనే సంగీత నాటకం 1845లో డ్రెస్డెన్‌లో మొదటిసారి ఆడింది. 1849 ఫిబ్రవరిలో లిస్ట్ దాన్ని వైమార్‌లో ఆడించాడు. ఆ మే నెలలోనే డ్రెస్డెన్ తిరుగుబాటులో పాల్గొన్నందుకు వాగ్నర్ మీద వారెంటు పుట్టింది. ఆస్థానం జీతం తీసుకుంటున్న లిస్ట్ ఆ నేరస్థుణ్ణి ఆదరించి, స్విట్జర్లాండు చేరడానికి సాయపడ్డాడు. అక్కడితో ఆగలేదు. 1850 ఆగస్టు 28న 'లోహెన్‌గ్రిన్' తొలి ప్రదర్శన వైమార్‌లోనే జరిపించాడు. రాసిన వాడు మాత్రం సరిహద్దు దాటి వచ్చి చూడలేకపోయాడు!

టన్‌హాయిజర్ రెండో అంకంలో అతిథులు కోటలోకి ఊరేగింపుగా వచ్చే ఘట్టం ఒకటుంది. 1852లో లిస్ట్ ఆ మార్చ్‌ను పియానోకు మలిచాడు. బూరల పిలుపులు, మగవాళ్ళ పాట, ఆడవాళ్ళ పాట, కింద నడకకి తాళం, అన్నీ పది వేళ్ళకి సర్దాడన్నమాట. గ్రామఫోను గానీ రేడియో గానీ లేని రోజులవి. నాటకశాల లేని ఊళ్ళో కూడా పియానో ఉన్న ఇంట్లో వాగ్నర్ సంగీతం వినే వీలు అట్టా కలిగింది.

తర్వాత ఆ స్నేహం బీటలు వారింది. లిస్ట్ కూతురు కోజిమా, ఆయన శిష్యుడైన భర్తను వదిలి 1870లో వాగ్నర్‌ను పెళ్ళాడింది. కొన్నేళ్ళకి మళ్ళీ కలిశారు. చివరికి 1886 జులై 31న, వాగ్నర్ ఊరైన బైరాయిట్‌లోనే లిస్ట్ కన్నుమూశాడు.

ఒకరి పాటను మలచడం ఎరువు సొమ్మేనని కొందరంటారు. నేనొప్పుకోను. తన పేరుతో ఎంతైనా రాయగలిగినవాడు, దేశం విడిచిపోయిన స్నేహితుడి పాటకి తన పేరునీ, వేళ్ళనీ అరువిచ్చాడు. మన విద్యార్థి మిత్రులు ఆయన పాండిత్యంతోపాటు ఈ గుణాన్ని కూడా గమనించాలని నా మనవి.