పాత కట్టడాలను కాగితం మీద నిలిపిన కల్నల్ మెకంజీ

కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లండుకు చెందిన లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు పట్టణంలో జన్మించారు. యౌవనంలో అక్కడి సుంకాల కార్యాలయంలో పనిచేశారు. ఆయనకు గణితంపై మక్కువ ఎక్కువ. హిందూ దేశపు ప్రాచీన గణితాన్ని గూర్చి తెలుసుకోవాలనే ఆశ కూడ ఆయనను ఈ దేశం వైపు నడిపించింది. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరారు. అటు తరువాత 38 ఏండ్లు జీవించారు గాని స్వదేశాన్ని మరల చూడలేదు.

మెకంజీగారు సైన్యంలో ఇంజనీరు. 1790కి ముందే మద్రాసు, నెల్లూరు, గుంటూరు సీమలలో ఉద్యోగరీత్యా పనిచేశారు. తరువాత మైసూరు యుద్ధంలోను, నైజాము రాజ్యంలోను సేవచేశారు. దారులను, కోటలను, చెరువులను కొలిచి పటాలు గీయడం ఆయన వృత్తి. అయితే వెళ్లిన ప్రతిచోట పాడుబడిన కట్టడాలు, శాసనాలు ఆయనను నిలువరించాయి. వాటిని గూర్చి అడిగి తెలుసుకోవడానికి మన భాషలు ఆయనకు రావు. 1796 ప్రాంతంలో ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య అనే యువకుడు ఆయన వద్ద చేరిన తరువాతనే ఆ తలుపు తెరుచుకున్నది. బొర్రయ్య అనేక భాషలు ఎరిగినవాడు, పాత శాసనాలను చదవగలవాడు. 1803లో చిన్న వయస్సులోనే కన్నుమూశాడు. అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని అందుకున్నాడు.

1797 ప్రాంతంలో మెకంజీగారు కృష్ణానది ఒడ్డున ఉన్న అమరావతికి వెళ్లారు. ఒకప్పుడు అక్కడ ధాన్యకటకమనే మహానగరం ఉండేది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు ఆ చోట తమ రాజధానిని కట్టించుకొంటున్నారు. కట్టడాలకు రాయి కావలసి, ప్రజలు దీపాలదిన్నె అని పిలిచే మిట్టను త్రవ్వించగా, బొమ్మలు చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. అది ప్రాచీన బౌద్ధ స్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. మెకంజీగారు తాము చూచినదాన్ని వ్రాసుకున్నారు. 1807లో ఆ వృత్తాంతం అచ్చయింది.

1799లో టిప్పు సుల్తాను పతనమైన పిదప మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే బాధ్యత ఆయనకు అప్పగించబడింది. సుమారు 40,000 చదరపు మైళ్ల భూమిని కొలిపించారు. 1800లో విజయనగర మహానగరపు శిథిలాలను సర్వే చేసి, హంపికి మొదటి పటం తయారుచేశారు. ఒక గుడిని గాక నగరమంతటిని, దాని కోటగోడలతో, బజార్లతో కలిపి చూడడం ఆయన పద్ధతి. 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్ అయ్యారు. జావా దండయాత్రకు వెళ్లివచ్చిన తరువాత 1815లో భారతదేశమంతటికి మొదటి సర్వేయర్ జనరల్‌గా నియమింపబడ్డారు.

అంత పెద్ద పదవిలో ఉండి కూడ 1816లో ఆయన మరల అమరావతికి వచ్చారు. దిన్నె నడిమి భాగం పోయి, అక్కడ చెరువు త్రవ్వబడి ఉన్నది. పలకలు కొన్ని మెట్లుగా మారాయి, కొన్ని సున్నంగా కాలిపోయాయి. పోయినదాన్ని ఆయన తిరిగి తేలేరు. మిగిలినదాన్ని ఒక్కొక్కటిగా గీయమని చిత్రకారులను నియమించారు. స్తూపం ఉన్న చోటును కొలిచి పటం వ్రాయించారు. ఆ పని సంవత్సరాల తరబడి సాగింది.

అదే సంవత్సరం థామస్ హిక్కీ అనే చిత్రకారుడు మెకంజీగారి చిత్రపటం గీశాడు. అందులో ఆయన ఒంటరిగా లేరు, ముగ్గురు భారతీయ సహాయకులు ఆయనతో నిలిచి ఉన్నారు.

1821 మే 8న కలకత్తా సమీపంలో ఆయన మరణించారు. అక్కడి సౌత్ పార్క్ వీధి సమాధుల తోటలో ఆయనను పాతిపెట్టారు. ఆయన సేకరణలను ప్రభుత్వం లక్ష రూపాయలకు కొన్నది. లెక్కించి చూడగా 8,076 శాసన ప్రతులు, 2,630 చిత్రాలు, 6,218 నాణెములు, వందలాది గ్రామ కైఫీయతులు ఉన్నాయి. ఈ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరినా, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఒక భారతీయునికి ఆ బాధ్యత అప్పగించడానికి ఒప్పుకొనలేదు. అది విచారకరమైన సంగతి.

మెకంజీగారు కంపెనీ ఉద్యోగి. ఆయన పటాలు పన్నులకు, యుద్ధాలకు కూడ పనికివచ్చాయి. అమరావతి పలకలు కొన్నిటిని ఆయనే కలకత్తాకు పంపించారు. తరువాతి వారి కాలంలో మరెన్నో మద్రాసుకు, 1859లో లండనుకు తరలిపోయాయి. నేడు ఎగ్మూరు మ్యూజియంలోను, బ్రిటిష్ మ్యూజియంలోను వాటిని చూస్తున్నాము. అయితే ఆయన గీయించిన పలకలలో కొన్నిటి జాడ ఈనాడు ఎక్కడా లేదు. రాయి పోయింది, కాగితం నిలిచింది. ఆ కాగితమే లేకపోతే అటువంటి పలక ఒకటి ఉండేదని కూడ మనకు తెలిసేది కాదు.

ఈ జీవితం మన శతాబ్ది సంవత్సరంలో మనకు ఒక పని చెప్పుచున్నది. మన తీర ప్రాంతంలో గానుగ సున్నంతో, టేకు దూలాలతో కట్టిన పాత ఆలయాలు ఉన్నాయి. 1927 తుఫానును, 1989 కావలి తుఫానును ఈ తీరం చవిచూచింది. ఉప్పుగాలి ఇనుమును తినివేస్తుంది. సున్నపు గోడమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలనే నిలిచి ఇటుక గుల్లబారుతుంది. సంఘం పెరిగింది గనుక పెద్ద ఆలయం కావాలనడం తప్పు కాదు. బాగుచేయదగినదాన్ని బాగుచేసికొందాము. పడగొట్టక తప్పనిచోట, గునపం వేయకముందు కొలత వేద్దాము.

నెహెమ్యా యెరూషలేము గోడలు కట్టుటకు ముందు రాత్రివేళ బయలుదేరి కూలిన గోడలను, కాలిన గుమ్మములను పరిశీలించి చూచెను. కట్టేవానికి చూచుట మొదటి పని.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఆలయం పొడవు, వెడల్పు, ఎత్తు, గోడ మందం కొలిచి వ్రాయండి. తలుపులు, కిటికీలు, బలిపీఠం ఉన్న చోటు గుర్తించి పటం గీయండి. నాలుగు వైపులనుండి, లోపలనుండి ఫొటోలు తీయండి. శంకుస్థాపన రాతి మీద, సమాధుల మీద ఉన్న మాటలను అక్షరం విడువక ఎత్తి వ్రాయండి. ఇటుక ఎక్కడిది, దూలం ఎవరు మోసిరి అనే సంగతులు వృద్ధులకు ఇంకా జ్ఞాపకం ఉన్నాయి, వారు ఉండగానే అడగండి. ఒక ప్రతి సంఘంలో, ఒక ప్రతి డయాసిస్ కార్యాలయంలో ఉంచండి. బొర్రయ్య వంటి చురుకైన యువకులు ప్రతి సంఘంలో ఉన్నారు. ఈ పని వారికి అప్పగించి, వ్రాసినవారి పేరు కూడ దాని క్రింద వ్రాయించండి.