నాదమే నేత్రంగా – గానయోగి పంచాక్షరి గవాయి

అన్నదానం ఆ పూట ఆకలిని తీర్చుతుంది. విద్యాదానం జీవితకాలపు ఆకలిని తీర్చుతుంది. అయితే అన్నం లేనిచోట విద్య నిలువదు. విద్య లేనిచోట అన్నం భిక్షగానే మిగిలిపోతుంది. ఈ సత్యాన్ని స్వానుభవంతో గ్రహించి, అన్నాన్నీ విద్యనూ ఒక్కచోట చేర్చి, చూపులేని బాలురకు సంగీతాన్ని జీవనాధారంగా ప్రసాదించిన మహనీయులు గానయోగి పంచాక్షరి గవాయిగారు. వీరశైవ సమాజం గర్వింపదగిన గురువులలో వారిది విశిష్టమైన స్థానం.

వారు 1892వ సంవత్సరం ఫిబ్రవరి 2వ తేదీన హానగల్ తాలూకాలోని కాడశెట్టిహళ్ళి గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం ఆనాడు ధారవాడ జిల్లాలో ఉండేది. నేడది హావేరి జిల్లాలో చేరి ఉంది. వారి బాల్యనామం గదిగెయ్య. ఆ బాలునికి చూపు లేదు. సోదరుడైన గురుబసయ్యకు కూడా చూపు లేదు. పేద ఇంటిలో ఇద్దరు బిడ్డలకూ కన్నులు లేకపోవటం ఎంతటి పరీక్షయో ఊహించవచ్చు. ఆ కాలపు పల్లెలలో అట్టి బాలురకు బడి లేదు, వృత్తి లేదు. కంఠం బాగుంటే వీధులలో పాడి పిడికెడు గింజలు పొందటం, లేకుంటే ఇంటి మూలన కూర్చుండటం, ఇంతే వారికి దక్కిన బ్రతుకు. ఈ సోదరులకు భగవంతుడు మంచి కంఠాన్ని ఇచ్చాడు. కాని మంచి కంఠం ఉన్నంతమాత్రాన భిక్షాపాత్ర తప్పిపోదు. ఆ కంఠానికి విద్య తోడు కావాలి.

ఆ విద్యకు మార్గం చూపినవారు హానగల్ కుమార శివయోగులు. 1904లో అఖిల భారత వీరశైవ మహాసభ స్థాపనకు, 1909లో బాదామి సమీపాన మలప్రభా నదీతీరంలో శివయోగమందిర స్థాపనకు మూలపురుషులైన ఆ స్వామివారు మఠాలకు యోగ్యులైన గురువులను తీర్చిదిద్దటానికే తమ జీవితాన్ని ధారపోశారు. అంతటి కార్యభారం వహిస్తూ కూడా, ఒక మారుమూల పల్లెలోని ఇద్దరు అంధబాలుర గానాన్ని గుర్తించి, వారి శిక్షణ బాధ్యతను తమపై వేసుకొన్నారు. స్వామివారి ఆదరణలో గదిగెయ్య కర్ణాటక సంగీతాన్ని అభ్యసించారు. పిదప హిందుస్తానీ సంగీతాన్నీ సాధించారు. రెండు పద్ధతులలోనూ ప్రావీణ్యం గడించిన విద్వాంసులు ఏ కాలంలోనైనా అరుదే. చూపులేని ఒక పల్లె బాలుడు దానిని సాధించాడు. గాయకుడని అర్థమిచ్చే గవాయి శబ్దం ఆయన పేరులో భాగమై నిలిచిపోయింది.

ఇంతటి విద్య గల గాయకునికి రాజాస్థానాలలో, ధనికుల సభలలో సుఖంగా జీవించే అవకాశం లేకపోలేదు. పంచాక్షరి గవాయిగారు ఆ దారి పట్టలేదు. తమను భిక్షనుండి తప్పించిన విద్యను, తమవంటి బాలురకు పంచటమే గురుఋణం తీర్చుకొనే మార్గమని భావించారు. బ్రహ్మచారిగా ఉండి, శిష్యులనే సంతానంగా స్వీకరించారు. కుమార శివయోగుల ఆశీస్సులతో అంధులకు, అనాథలకు, పేద బాలురకు సంగీత పాఠశాల ఏర్పడింది. అది ఒకచోట స్థిరంగా ఉన్న భవనం కాదు. గురువు ఎక్కడ ఉంటే అక్కడే పాఠశాల. ఊరినుండి ఊరికి, మఠంనుండి మఠానికి శిష్యసమేతంగా సాగిన సంచార గురుకులమది.

ఆ కాలంలోనే సంగీతాన్ని పాఠశాలలోనికి తెచ్చే ప్రయత్నాలు దేశంలో పలుచోట్ల జరుగుతున్నాయి. పండిత విష్ణు దిగంబర పలుస్కర్ 1901లో లాహోరులో గాంధర్వ మహావిద్యాలయాన్ని స్థాపించారు. పండిత భాత్ఖండే కృషితో 1926లో లక్నోలో సంగీత కళాశాల ఆరంభమైంది. తెలుగునాట విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలసింది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ఒక అంధబాలుని సంగీతాభిలాషయే ఆ కళాశాల స్థాపనకు ప్రేరణ అని ప్రసిద్ధి. పలుస్కర్, భాత్ఖండే గార్లు స్వరలిపిని రూపొందించి, పాఠ్యగ్రంథాలు అచ్చువేసి, తరగతుల క్రమంలో బోధన సాగే మార్గం వేశారు. అది గొప్ప సేవ. కాని అచ్చుపుస్తకం కన్నులున్న వానికే ఉపకరిస్తుంది. కన్నులు లేని బాలునికి పుస్తకం గురువు కంఠమే. పలక అతని స్మృతియే.

చూపులేని బాలునికి సంగీతం నేర్పటం సామాన్యమైన పని కాదు. తొలి సంవత్సరాలలో శ్రుతి చెవికి పట్టాలి. ఆపై స్వరాలను ఆరోహణావరోహణలలో, అలంకారాలలో వందలసార్లు పలికించాలి. తాళాన్ని చేతితో వేయించి దేహానికి అలవాటు చేయాలి. తబలా జతులను ముందు నోటితో చెప్పించి, తరువాత వేళ్ళకు అందించాలి. హార్మోనియం మెట్లపై బాలుని వేళ్ళను గురువు తన చేతితో పట్టి నిలపాలి. తప్పును కనుసైగతో చూపే వీలు లేదు. చెవితో పట్టి, మాటతో దిద్దాలి. ఇది పూర్తయిన పిదపనే రాగం, ఆపై రచనలు, చివరకు మనోధర్మం. బాల్యంలో ఆరంభమైన ఈ క్రమం యౌవనం వచ్చేవరకు విరామం లేకుండా సాగితేనే ఫలిస్తుంది. వారానికొక గంట పాఠంతో తీరేది కాదు. గురువూ శిష్యుడూ ఒకేచోట నివసించి, ఒకే పంక్తిని భుజించే గురుకులంలోనే అది సాధ్యం. గురువు కూడా చూపులేనివారే కావటం వలన శిష్యుని కష్టం ఆయనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

ఆ గురుకులంలో అంధులతోపాటు చూపున్న పేద బాలురూ ఉండేవారు. విద్యకు గాని, భోజనానికి గాని వెల లేదు, కులభేదం లేదు. అయితే అందరికీ రెండుపూటలా అన్నం పెట్టటం గురువుపై నిత్యభారం. 1930లో కుమార శివయోగులు లింగైక్యులైన తరువాత ఆ భారం మరింత హెచ్చింది. గవాయిగారు వెనుదిరుగలేదు. సభలలో పాడారు, ఊరూరా భక్తుల సహాయాన్ని అర్థించారు, నాటక మండలిని నడిపారు. పూర్వం తన కడుపుకోసం చాపవలసివచ్చే చేతిని, ఇప్పుడు శిష్యుల అన్నం కోసం చాచారు. బసవేశ్వరులు బోధించిన కాయకానికీ దాసోహానికీ ఇంతకంటె చక్కని ఉదాహరణ ఏమి కావాలి? సంగీతబోధన ఆయన కాయకం. దాని ఫలం శిష్యపంక్తికి దాసోహం.

గురువు గొప్పతనం శిష్యునిలో తెలుస్తుంది. ధారవాడ ప్రాంతపు యలివాళ గ్రామంనుండి వచ్చిన బసవరాజ రాజగురు బాల్యంలోనే ఆయన శిష్యులయ్యారు. 1936లో విజయనగర సామ్రాజ్య స్థాపనకు ఆరువందల సంవత్సరాలు నిండిన సందర్భంగా హంపీలో ఉత్సవాలు జరిగినప్పుడు, ఆ యువకుని తొలి కచేరీ ఏర్పాటయింది. ఆనాడు పంచాక్షరి గవాయిగారే స్వయంగా తబలా వాయించారు. వేదికపై ప్రధాన స్థానం శిష్యునిది. పక్కన తాళం నిలిపే స్థానం గురువుది. సంవత్సరాల తరబడి తాను పట్టి నడిపించిన బాలుని ముందుకు పంపి, తాను పక్కకు జరిగి ఆసరాగా నిలవటమే బోధనకు పరమావధి. ఆ శిష్యుడు తరువాత కిరాణా సంప్రదాయపు విద్వాంసుల వద్దనూ అభ్యసించి, వచనగానంలోనూ ఖ్యాతి గడించి, పద్మభూషణులయ్యారు. నాటి నిజాం రాజ్యంలోని రాయచూరు ప్రాంతంనుండి వచ్చిన సిద్ధరామ జంబలదిన్నిగారు కూడా ఈ గురుపరంపరలోనివారే.

శైశవంలోనే చూపు కోల్పోయిన మరొక బాలుడు, 1914లో దేవగిరిలో జన్మించిన పుట్టరాజు, ఆయన చేతులలో పెరిగాడు. గాత్రం, పలు వాద్యాలు, సాహిత్యం అన్నింటినీ అతడు సాధించాడు. తనకుగల విద్యనంతటినీ, తన బాధ్యతనంతటినీ స్వీకరింపగల శిష్యుని గురువు అతనిలో గుర్తించారు.

సంచార గురుకులం చివరకు గదగ్ పట్టణంలో, పురజనుల ఆదరణతో వీరేశ్వర పుణ్యాశ్రమంగా స్థిరపడింది. 1944వ సంవత్సరం జూన్ 11వ తేదీన పంచాక్షరి గవాయిగారు లింగైక్యులయ్యారు. అప్పటికి వారి వయస్సు 52 సంవత్సరాలు. ఆయన విడిచి వెళ్ళినవి ధనధాన్యాలు కావు. చూపులేని శిష్యులు, వారిని పోషించవలసిన బాధ్యత. పుట్టరాజ గవాయిగారు ఆ బాధ్యతను తలదాల్చి, 2010 సెప్టెంబరు 17న తాము శివైక్యం చెందేవరకు ఆరు దశాబ్దాలకు పైగా ఆశ్రమాన్ని నడిపారు. ఆ 2010లోనే భారత ప్రభుత్వం వారిని పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది.

పంచాక్షరి గవాయిగారి జీవితం 1995లో కన్నడ చలనచిత్రంగా వెలువడింది. అందులోని గానానికి మన తెలుగు గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారికి జాతీయ పురస్కారం లభించింది. ఆ విధంగా ఆ గురువు చరిత్ర తెలుగు కంఠం ద్వారా కూడా దేశమంతటా వినబడింది.

మఠాలకు ఆస్తులున్నాయి, గృహస్థులకు శక్తి ఉంది. ఒక అంధబాలుడు వాకిట నిలిచి పాడినప్పుడు చేతిలో నాణెం వేయటం సులభం. అతని గానాన్ని విని, ఆ కంఠానికి విద్య నేర్పే బాధ్యత వహించటం కష్టం. ఆనాడు కాడశెట్టిహళ్ళి బాలుని విషయంలో కుమార శివయోగులు ఆ కష్టమైన పని చేశారు. ఆ బాలుడు పెరిగి దానినే తన జీవితంగా మలచుకొన్నాడు. గదగ్ ఆశ్రమంలో నాటిన ఆ విత్తనం తరతరాల గాయకులను, గురువులను ఇచ్చింది. ఒక్క బాలునికి విద్య అందితే ఎందరికి చేరగలదో తెలియజేయటానికి ఆ మహనీయుని చరిత్రయే చాలు.