జాన్ విట్నీ చరిత్రము (1917–1995)

కంప్యూటరు తెరపై కదలాడు చిత్రములను నేడు చూడని బాలుడు లేడు. వానికి తొలిబాట వేసినవారిలో ముఖ్యుడైన యొక అమెరికా దేశస్థుని చరిత్రమును మన విద్యార్థుల కొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జాన్ విట్నీ కాలిఫోర్నియా రాష్ట్రమందలి పాసడీనా పట్టణమున 1917 వ సంవత్సరము ఏప్రిల్ 8 వ తేదీన జన్మించెను. పొమోనా కళాశాలలో చదివి, పారిస్ నగరమున కొంతకాలము సంగీతరచన నభ్యసించెను. సంగీతము చెవికి కలిగించు ఆనందమును కదలెడి రూపములచే కంటికి కలిగింపవలెనని ఆయన సంకల్పము. ఆయన తమ్ముడు జేమ్స్ చిత్రకారుడు. సోదరులిరువురును కలిసి 1943, 1944 సంవత్సరములలో ఐదు చిన్న చలనచిత్రములు తీసిరి. వానియందలి ధ్వనికి వాద్యమేదియు లేదు. వేర్వేరు పొడవులుగల లోలకముల ఊపును సన్నని వెలుగుచారగా ఫిల్ముపై ముద్రించి, దానినే స్వరముగా పలికించిరి.

యుద్ధకాలమున విట్నీ లాక్‌హీడ్ విమాన కర్మాగారమున పనిచేసెను. యుద్ధము ముగిసిన పిమ్మట, సైన్యమునకు అక్కరలేక అమ్ముడుపోయిన ఎం-5 అను యంత్రమును ఆయన కొనెను. ఇది విమానములను కూల్చు ఫిరంగులకు గురి చూపు గణనయంత్రము. శత్రువిమానము యొక్క వేగమును, ఎత్తును, దిక్కును తెలిపినచో, గుండు చేరువేళకు విమానమెచ్చట నుండునో తన పండ్లచక్రముల తిరుగుడుచే లెక్కకట్టును. విట్నీ ఆ చక్రములే బొమ్మలుంచిన బల్లలను, కెమేరాను నడుపునట్లు మార్చి అమర్చెను. మనుష్యహస్తమునకు అలవికాని సూక్ష్మచలనములు దానిచే సాధ్యమయ్యెను. 1958 లో వెలువడిన హిచ్‌కాక్ గారి 'వెర్టిగో' చిత్రారంభమున తిరుగు సుడులు విట్నీ పనితనమే. తన యంత్రముచే సాధించిన రూపములను 1961 లో 'కేటలాగ్' అను చిత్రముగా కూర్చెను.

1966 లో ఐ.బి.ఎం. సంస్థవారు ఆయనకు ఆస్థానకళాకారుని పదవినిచ్చిరి. ఆ సంస్థయందలి జాక్ సిట్రన్ అను శాస్త్రజ్ఞుడు కంప్యూటరునకు వలయు ఆదేశములను వ్రాసి తోడ్పడెను. ఆ సాయమున 1968 లో 'పెర్ముటేషన్స్' వెలువడెను. నాటి ఆ కంప్యూటరు తెర రంగులెరుగనిది.  రంగులను పిమ్మట ఫిల్ముపై చేర్చవలసివచ్చెను. 1975 లో 'అరబెస్క్' తీసి, 1980 లో తన సిద్ధాంతమును గ్రంథముగా ప్రకటించి, 1995 సెప్టెంబరు 22 వ తేదీన విట్నీ పరమపదించెను.

ఆయుధములు సేద్యపు పనిముట్లగు దినమును గూర్చి యెషయా ప్రవక్త పలికినది మనమెల్లరము ఎరిగినదే. యంత్రమునకు పాపపుణ్యములు లేవు; అవి దానిని త్రిప్పు చేతికే చెందును. అవే చక్రములు, అదే గణితము. ఒకనాడు ప్రాణములు తీయుటకును, మరియొకనాడు కన్నులు చల్లబరచుటకును ఉపకరించెను. మన బాలబాలికలు తమ చేతికి వచ్చు ప్రతి సాధనమును చేపట్టునపుడు ఈ సంగతి తలచుకొందురుగాక.