వీరగున్నమ్మ

వీరగున్నమ్మ మందస జమీందారీకి వ్యతిరేకంగా జరిగిన రైతు ఉద్యమంలో పాల్గొని, 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పులలో మరణించిన మహిళ. ఆమె అసలు పేరు సాసుమాన గున్నమ్మ. సాసుమాన ఇంటిపేరు, వీర అన్నది మరణానంతరం ప్రజలు చేర్చిన మాట. ఆమె ఊరు గుడారి రాజమణిపురం. ఇది ప్రస్తుతం శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో ఉన్నది.

నేపథ్యం

మందస అనగానే నేటివారికి వాసుదేవాలయం, కోవా గుర్తుకు వస్తాయి. ఒక వైపు మహేంద్రగిరి పాదాల అడవులు, మరొక వైపు కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఉద్దానం తీరం గల ఈ ప్రాంతం మొదట గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో అధికభాగం అటు పోగా, టెక్కలి, మందస, సోంపేట ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండి విశాఖపట్టణం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడినది.

భూమి జమీందారుది, అడవీ జమీందారుదే. నాగలికి కర్ర, ఇంటికి దూలం, పొయ్యికి కట్టె అన్నీ అడవి నుండే రావాలి కనుక, శిస్తు కంటే అడవి ఆంక్షలే రైతును ఎక్కువగా బాధించేవి. 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ భూమి చట్టం రైతుకు సాగు భూమిపై కొంత రక్షణ కల్పించినది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1938లో జమీందారీ రైతులకు అనుకూలంగా నివేదిక ఇచ్చినా, అది చట్టరూపం దాల్చకముందే 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసినది. అప్పటి నుండి మద్రాసు రాష్ట్రంలో గవర్నరు పాలన నడిచినది. శాసనసభలో ప్రశ్న అడిగేవారు గాని, సమాధానం చెప్పవలసిన మంత్రి గాని లేని కాలమది.

1940 మార్చి చివరి వారంలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. ఆచార్య ఎన్.జి.రంగా, బారువకు చెందిన గౌతు లచ్చన్న ఈ ప్రాంత రైతులను కూడగట్టిన నాయకులు. అధ్యక్షుడుగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ అప్పటికే అరెస్టు కావడంతో సోహన్ సింగ్ జోష్ అధ్యక్షత వహించాడు. జమీందారీల రద్దు ఈ సభల ముఖ్యమైన కోరిక.

కాల్పులు

సభలు ముగిసిన కొద్ది రోజులకే మందస రైతులు ఆంక్షలను ధిక్కరించి జమీందారీ అడవి నుండి కలప తెచ్చుకున్నారు. వారిని పట్టుకొనుటకు పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చారు. అరెస్టులను అడ్డుకొన్నవారిలో స్త్రీలు ముందున్నారని, వారికి గున్నమ్మ నాయకత్వం వహించినదని చెబుతారు. పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మతో కలిపి ఐదుగురు మరణించినట్లు ప్రసిద్ధి. అప్పటికి ఆమె గర్భవతి అని కూడా ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు.

చట్టం దృష్టిలో ఇటువంటి మరణం

తుపాకి గాయంతో సంభవించినది అసహజ మరణం. అప్పుడు అమలులో ఉన్న 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 174వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ఇరుగుపొరుగున ఉండే ఇద్దరు లేదా అంతకు మించిన పెద్దమనుషుల సమక్షంలో శవపంచనామా చేసి, అవసరమనుకుంటే శవాన్ని పరీక్షకు పంపాలి. కాల్చినది పోలీసులే అయినప్పుడు పంచనామా కూడా పోలీసులే చేయడంలోని ఇబ్బందిని వేరుగా చెప్పనక్కరలేదు. 176వ సెక్షన్ క్రింద మేజిస్ట్రేటు స్వయంగా విచారణ జరపవచ్చును. అయితే చట్టవిరుద్ధమైన గుంపును చెదరగొట్టే పేరిట చేసిన పనికి, ప్రభుత్వ అనుమతి లేనిదే ప్రాసిక్యూషన్ వీలులేదని 132వ సెక్షన్ చెప్పినది.

మనుషుల సాక్ష్యం మారవచ్చును గాని గాయం మారదు. గుండు లోపలికి దూరిన చోట గాయం సాధారణంగా చిన్నదిగా, అంచులు లోపలికి తిరిగి, చుట్టూ చర్మం ఒరుసుకొనిపోయి ఉంటుంది. బయటకు వచ్చిన చోట తరచు పెద్దదిగా, అంచులు బయటకు తిరిగి ఉంటుంది. దగ్గర నుండి కాల్చితే పొగ మసి, కాలని మందు రేణువుల గుర్తులు చర్మంపై కనబడతాయి. మరణించినవాడు పోలీసుల మీదికి వస్తున్నాడా, వెనుదిరిగి పోతున్నాడా అన్నది ఈ గుర్తులను బట్టి చాలావరకు తెలుస్తుంది. జనంపై కాల్పులు జరిగిన ప్రతిచోటా తలెత్తే వివాదం ఇదే.

గర్భిణి విషయంలో మరొక ప్రశ్న ఉన్నది. శవపరీక్షలో పిండం పొడవును కొలిచి నెలలు నిర్ణయిస్తారు. మొదటి ఐదు నెలలకు నెలల సంఖ్య వర్గం, తరువాత నెలల సంఖ్యకు ఐదు రెట్లు సెంటీమీటర్లలో పొడవు అని న్యాయవైద్యంలో ఒక స్థూల సూత్రం: ఐదవ నెలకు 25, ఏడవ నెలకు 35. కాని అప్పటి ఇండియన్ పీనల్ కోడు 299వ సెక్షన్ మూడవ వివరణ ప్రకారం గర్భస్థ శిశువు మరణానికి కారణం కావడం నరహత్య కాదు. కదలిక కలిగిన గర్భస్థ శిశువు మరణాన్ని 316వ సెక్షన్ వేరే నేరంగా చూసి, పదేళ్ల వరకు శిక్ష విధించినది. కనుక కాల్పుల మృతులు ఐదుగురే. గున్నమ్మ కథ చెప్పేవారు మాత్రం కడుపులోని బిడ్డను తలవకుండా విడిచిపెట్టరు.

తరువాత

గున్నమ్మ మరణించిన ఎనిమిదేళ్లకు, 1948లో, మద్రాసు ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పు చట్టం వచ్చినది. జమీందారీలు రద్దయి భూములు రైత్వారీ విధానంలోకి మారాయి. గుడారి రాజమణిపురంలో ఆమె స్మారకం ఉన్నది. ఏప్రిల్ 1న అక్కడ ఆమెకు నివాళులు అర్పిస్తారు.