వణకని ఇంజను – సర్ హెన్రీ రాయిస్

కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చక్రాలు తిరగవు, కానీ ఇంజను నడుస్తూనే ఉంటుంది. దీన్ని ఐడ్లింగ్ అంటారు. కొన్ని బండ్లు అప్పుడు గడగడ వణుకుతాయి. నూట ఇరవై ఏళ్ల క్రితం చాలా కార్లు అలాగే ఉండేవి. ఆ వణుకు మీద పట్టుదలగా పనిచేసిన ఇంజనీరు హెన్రీ రాయిస్.

ఆయన 1863 మార్చి 27న ఇంగ్లండులోని ఆల్వాల్టన్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి పిండిమర నడిపేవారు. వ్యాపారం దెబ్బతినడంతో కుటుంబం లండన్ చేరింది. హెన్రీకి తొమ్మిదేళ్ల వయసులో తండ్రి చనిపోయారు. ఆ పిల్లవాడు వార్తాపత్రికలు అమ్మాడు, ఇంటింటికీ టెలిగ్రాములు అందించాడు. బడిలో చదివింది చాలా తక్కువ.

1878లో దగ్గరి బంధువు ఒకామె డబ్బు కట్టి అతన్ని పీటర్‌బరోలోని రైల్వే వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేర్చింది. మూడేళ్లకే ఆమె దగ్గర డబ్బు అయిపోయింది. శిక్షణ మధ్యలోనే ఆగింది. అయినా హెన్రీ పని నేర్చుకోవడం మానలేదు. 1884లో మిత్రుడు క్లేర్‌మాంట్‌తో కలిసి మాంచెస్టర్‌లో చిన్న కర్మాగారం పెట్టి డైనమోలు, ఎలక్ట్రిక్ క్రేన్లు తయారుచేశారు.

కొన్నేళ్ల తర్వాత ఆయన డెకావిల్ అనే పాత ఫ్రెంచి కారు కొన్నారు. దాని పనితీరు ఆయనకు తృప్తినివ్వలేదు. విప్పి ఒక్కొక్క భాగాన్నీ పరిశీలించారు. అంతకంటే మంచి కారు తానే చేయాలనుకున్నారు. 1904 ఏప్రిల్ 1న ఆయన సొంత కారు రోడ్డెక్కింది.

ఇంజను ఎందుకు వణుకుతుంది? కార్బురేటర్ పెట్రోలును గాలితో కలుపుతుంది. కామ్‌షాఫ్ట్ వాల్వులను సమయానికి తెరుస్తుంది. ఐడ్లింగ్‌లో ఇంజను పీల్చే గాలి చాలా తక్కువ కాబట్టి, ఆ పాళ్లలో కొంచెం తేడా వచ్చినా ఒక సిలిండర్ గట్టిగా, మరొకటి బలహీనంగా మండుతుంది. వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంటే కాలిన పొగ కొత్త మిశ్రమంతో కలిసిపోతుంది. అందుకే నేడు కూడా రేసు కామ్‌షాఫ్ట్ వేయించిన బండి వేగంగా పరుగెత్తినా, ఆగినప్పుడు కుంటుతుంది. అప్పుడు పెట్రోలు పాళ్లు మళ్లీ సరిచేయాలి.

రాయిస్ కార్బురేటర్‌ను తానే రూపొందించారు. ప్రతి భాగాన్నీ నునుపుగా, కచ్చితమైన కొలతతో చేయించారు. ఆయన చేసిన సిల్వర్ ఘోస్ట్ కారులో పెట్రోలు పాళ్లు మార్చడానికి స్టీరింగ్ దగ్గరే చిన్న మీట ఉండేది.

1904లోనే చార్లెస్ రోల్స్‌తో పరిచయమై రోల్స్ రాయిస్ కంపెనీకి దారి తీసింది. 1907లో సిల్వర్ ఘోస్ట్‌ను 15,000 మైళ్లు నడిపి పరీక్షించారు. 629 మైళ్ల దగ్గర పెట్రోల్ ట్యాప్ అదురుకు మూసుకుపోయి కారు ఆగింది. ఆ తర్వాత మిగిలిన దూరంలో ఏ లోపంతోనూ ఆగలేదు.

తిండీ నిద్రా పట్టించుకోకుండా పనిచేయడంతో రాయిస్ ఆరోగ్యం చెడింది. 1911 తర్వాత ఆయన కర్మాగారానికి దూరంగా ఉంటూ, డ్రాయింగులు గీయించి పంపేవారు. 1933 ఏప్రిల్ 22న కన్నుమూశారు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కోసం చేసిన పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ నేటికీ ఉంది. అమ్మానాన్నలకు అక్కడికి బదిలీ అయితే తప్పక చూడండి. బడి మధ్యలో ఆగినా నేర్చుకోవడం ఆపని ఒక పిల్లవాడు చేసిన బండి అది.